చేతులు ఖాళీగా ఉన్న గంట

“పెండ్లయి తొమ్మిదేండ్లాయె. కూతురు రెండో తరగతికొచ్చె. ఇంగా ఆ బొమ్మలు చూసేదేందిమే?”

మా అత్త ఈ మాట కోపంతో అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. ఆమె దృష్టిలో నేను మంచి కోడల్నే. ఇంజనీరు ఉద్యోగం చేస్తాను, జీతం ఇంట్లో ఇస్తాను, పండక్కి ఓళిగలు నేనే చేస్తాను. ఒక్క ఈ జపాను బొమ్మల సంగతే ఆమెకు మింగుడుపడదు. “మా కోడలికి అన్నీ బాగుండాయి గానీ ఈ ఒక్క పిచ్చి” అని చుట్టాలకు చెప్తుంది, షుగరుందని చెప్పినట్టు.

ఆ ప్రశ్నకే ఈ జవాబు. ఇదే ప్రశ్న నన్ను మా ఆయన అడిగాడు, ప్లాంటులో తోటి ఇంజనీర్లు అడిగారు, ఆఖరికి స్త్రీల రచనల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్న చోట ఒక పెద్దామె కూడా అడిగింది. అందరికీ కలిపి ఒకసారి చెప్పేస్తే నాకూ భారం తగ్గుతుంది.

ముందు నా రోజు ఎట్లా గడుస్తుందో చెప్పనివ్వండి.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. పుట్టింది ఆళ్ళగడ్డ, చదివింది నంద్యాల, మెట్టినిల్లూ నంద్యాలే. 2022 ఏప్రిల్లో నంద్యాల జిల్లా కేంద్రమయింది గానీ మా ఇంట్లో నేను పొయ్యి వెలిగించే టైము మారలేదు. నాలుగు ముప్పావు. టిఫిను, మధ్యాహ్నానికి అన్నం, కూర, పాపకు బాక్సు, మామకు ఉప్పు తక్కువ పప్పు వేరే. ఆరున్నరకు బస్టాండులో ఉండాలి. ఆళ్ళగడ్డలో దిగితే కంపెనీ జీపు వస్తుంది. అక్కణ్ణుంచి లోపలికి ఒక సోలార్ ప్లాంటు. గని, శకునాల దగ్గర 2017లో మొదలైన 1000 మెగావాట్ల పార్కు గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. దానిముందు మాది పెరట్లో పాదు లాంటిది. పేరు ఇక్కడ అనవసరం.

సోలార్ అంటే ఎండలో పలకలు పెడితే కరెంటు దానంతటదే వస్తుందనుకుంటారు. రాదు. నేను పోయేసరికి ఇన్వర్టర్లు మేలుకొని ఉంటాయి. తెర మీద ఏ వరుసలో ఎంత కరెంటు పారుతోందో చూస్తాను. ఒక వరుస పక్క వరుసల కన్నా తక్కువ చూపిస్తే అక్కడికి నడవాలి. కనెక్టరు కాలిందా, ఫ్యూజు పోయిందా, ఎలుక వైరు కొరికిందా, పలకలో ఒక గడి మాత్రమే వేడెక్కిందా. థర్మల్ కెమెరాతో చూస్తే ఆ గడి ఎర్రగా మండుతూ కనిపిస్తుంది. పగలు రెండింటికి, ఏప్రిల్లో, ఆ పలకల నడుమ నిలబడ్డం ఏమిటో నంద్యాల ఎండ తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. చేతిలో కట్టె ఉండాలి, పాముల కోసం. కాలికి సేఫ్టీ బూట్లు. ఆడవాళ్ళ సైజు తెప్పించమని రెండేళ్ళు అడిగాను. ఆరో నంబరు మగబూట్లలో రెండు జతల సాక్సులు వేసుకుని నడుస్తున్నాను. బాత్రూము కంట్రోల్ రూము వెనకాల ఒకటే ఉంది. ప్లాంటు ఆ చివరన పనున్న రోజున మంచినీళ్ళు తక్కువ తాగుతాను.

ఈ పలకలు కడిగేది ఎవరు? చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు. పొద్దున్నే, పలకలు వేడెక్కకముందే, ట్యాంకరు నీళ్ళతో, పొడుగాటి కర్రలకు కట్టిన తుడుపుగుడ్డలతో. గడ్డి పీకేదీ వాళ్ళే. ‘గ్రీన్ ఎనర్జీ’ అని మా కంపెనీ అచ్చేసిన పుస్తకంలో హెల్మెట్లు పెట్టుకున్న మగవాళ్ళ ఫొటోలు తప్ప వాళ్ళ ఫొటో ఒక్కటి లేదు. నా ఫొటో ఉంది. మహిళా దినోత్సవం పేజీలో.

సాయంత్రం ఏడుకి ఇల్లు. మళ్ళీ వంటిల్లు. పాప హోంవర్కు. పది దాటుతుంది.

ఇప్పుడు చెప్తాను ఆ బొమ్మలు ఎప్పుడు చూస్తానో. బస్సులో. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు శిరివెళ్ళ మీదుగా నలభై కిలోమీటర్ల పైచిలుకు. పల్లెవెలుగు అయితే గంట పైన. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు టికెట్టు కూడా లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు కొట్టిస్తారు. సీటు దొరక్కపోతే కమ్మీ పట్టుకుని నిలబడి చూస్తాను. ఒక ఎపిసోడు ఇరవైమూడు, ఇరవైనాలుగు నిమిషాలు. రెండు ఎపిసోడ్లకు ఆళ్ళగడ్డ వచ్చేస్తుంది. సాయంత్రం ఇంకో రెండు. ఇంతే నా పిచ్చి. ఇందులో ఇంటి టైము ఒక్క నిమిషం లేదు, ఆఫీసు టైము ఒక్క నిమిషం లేదు. అయినా అభ్యంతరమే.

పోయినేడాది మా తోటి ఇంజనీర్లు ఇద్దరు కారులో పోదామన్నారు, పెట్రోలు పంచుకుందామన్నారు. ఇంట్లో అందరూ సంతోషించారు. అరగంట కలిసొస్తుంది కదా, చపాతీలు కూడా చేసిపోవచ్చు అన్నారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పలేక, కారు పడదు, వాంతులొస్తాయి అన్నాను. ఆ అబద్ధం గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరకు వస్తాను.

అసలు నాకీ గొడవ ఎక్కడ మొదలైంది? మా నాన్న శిల్పి. ఆళ్ళగడ్డ రాతిశిల్పాల పేరు మీరు వినుంటారు. ఊరి రోడ్డు వెంబడి షెడ్లు, లోపల సగం చెక్కిన దేవుళ్ళు, మిషను కోత మోత, తెల్లటి రాతిపొడి. మా ఇంట్లో అన్నం బొమ్మల నుంచే వచ్చింది. మా అన్నకు ఎనిమిదేళ్ళకు ఉలి పట్టడం నేర్పించాడు నాన్న. నాకు నేర్పించలేదు. నేను బొగ్గుతో గోడల మీద గీస్తుంటే “పాప గీత బాగుందే” అని మెచ్చుకుని, ఆ గీత మీద అన్నతో చెక్కించాడు ఒకసారి. అన్న చెక్కితే శిల్పం, నేను గీస్తే ఆట. బి.టెక్. చేస్తానంటే మాత్రం సరేనన్నాడు. ఇంజనీరు కూతురంటే పెళ్ళికి సులువని.

2000ల మధ్యలో కేబుల్ టీవీలో డోరేమాన్, షిన్‌చాన్ వచ్చేవి. గీతలు కదులుతున్నాయి! కంటి కింద ఒక్క గీత జరిగితే నవ్వు ఏడుపైపోతోంది. రాతిలో కంటిరెప్ప తేవడానికి నాన్న రెండ్రోజులు పడే తంటా చూసినదాన్ని, నాకది మాయలాగే ఉండింది. కాలేజీలో ఒక సీనియర్ అక్క పెన్‌డ్రైవులో ‘పోర్కో రోస్సో’ ఇచ్చింది. 1992లో మియాజకి హయావో తీసిన సినిమా. కథ ఒక పంది మొహపు పైలట్‌ది. నేను చూసింది మాత్రం ఫియోని. పదిహేడేళ్ళ పిల్ల. విమానం డిజైను చేసే ఇంజనీరు. ఆ పైలట్ ఆమెను చూసి, ఆడపిల్ల, పైగా చిన్నపిల్ల, నా విమానం ఈమె చేతిలో పెట్టనంటాడు. ఊళ్ళో మగవాళ్ళంతా పని వెతుక్కుంటూ వెళ్ళిపోయి ఉంటారు. ఆ షెడ్డులో విమానం మొత్తం ఆడవాళ్ళే కడతారు, ముసలమ్మలతో సహా. అప్పుడు మా క్లాసులో అరవైమందిమి, అందులో పదకొండుమందిమి అమ్మాయిలం. వర్క్‌షాపులో వెల్డింగు మా చేత చేయించేవాళ్ళు కాదు. మా వంతు మగపిల్లలు చేసి పెడితే మేము రికార్డు రాసేవాళ్ళం, వాళ్ళవీ కలిపి. పనిముట్టు చేతబట్టిన ఆడపిల్లని ముందు ఆ బొమ్మలోనే చూశాను. మన తెలుగు సినిమాల్లో అప్పటికి అమ్మాయి ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చేది హీరో ప్రేమించడానికి.

మా ప్లాంటులో కుర్రాళ్ళు కూడా ఆనిమే చూస్తారు. 2025 సెప్టెంబరులో ‘డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగు డబ్బింగుతో విడుదలైనప్పుడు ముగ్గురు లీవు పెట్టి హైదరాబాదు పోయి చూసొచ్చారు. వారం రోజులు అదే కబురు. వాళ్ళది ‘ప్యాషన్’. నా ఫోను తెర మీద అదే బొమ్మ కనబడితే “మేడం, మీరు ఇంకా కార్టూన్లు చూస్తారా?” అదే బొమ్మ! వాళ్ళకు పెళ్ళాలున్నారు, పిల్లలున్నారు. లీవు పెట్టిన రెండ్రోజులు ఆ పిల్లల్ని ఎవరు చూశారని వాళ్ళను అడిగినవాళ్ళు లేరు.

మా అత్త దగ్గరకే మళ్ళీ వస్తాను. ఆమె టీవీ చూడదని కాదు. రోజూ రాత్రి సీరియళ్ళు చూస్తుంది. అయితే ఖాళీ చేతులతో చూడగా నేనెప్పుడూ చూడలేదు. చిక్కుడుకాయలకు ఈనె తీస్తూ, బియ్యంలో రాళ్ళేరుతూ, వెల్లుల్లి ఒలుస్తూ, పాపకు జడ విప్పుతూ చూస్తుంది. ఏ పనీ లేకపోతే మడతపెట్టిన బట్టలే మళ్ళీ విప్పి మడతపెడుతుంది. మా మామ అదే గదిలో ఐపీఎల్ చూస్తాడు. రెండు చేతులూ తల వెనక పెట్టుకుని, కాళ్ళు బారజాపి, నాలుగు గంటలు. ఆయన చేతుల్లో చిక్కుడుకాయల చాట పెడితే ఎట్లా ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకుని నవ్వుకున్నాను.

ఆడవాళ్ళు వినోదించవచ్చు. చేతులు మాత్రం పనిలో ఉండాలి. నాకు అర్థమైన నియమం ఇదీ. నేను బస్సులో కూర్చుని రెండు చేతులతో ఫోను పట్టుకుని ఒక బొమ్మను చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నానంటే, ఆ గంటలో నా వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. మా ఇంటికి ఏ కష్టమూ కలిగించని ఆ గంట అందరికీ కంట్లో నలుసైంది అందుకే. ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపనులు చేసేవాళ్ళ లెక్క తీస్తే, ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. ఈ అంకెల గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం, మాట్లాడుకోవాలి కూడా. అయితే చాకిరీ గురించి మాట్లాడినంతగా మనం తీరిక గురించి మాట్లాడామా? ఉద్యోగం హక్కన్నాం. చదువు హక్కన్నాం. ఆస్తి హక్కన్నాం. ఏ పనికీ రాని ఒక ఇష్టం కూడా హక్కేనని అనడానికి మనకే మొహమాటం. మనలో కూడా ఆ నియమం ఇంకే ఉంది.

లేకపోతే ఆ పెద్దామె నన్నట్లా ఎందుకు అడుగుతుంది? నేను గౌరవించే మనిషి. ఎన్నో ఉద్యమాల్లో నడిచిన మనిషి. “ఏమ్మా, చదువుకున్నదానివి, మన ఆడవాళ్ళ బతుకులు ఇట్లా ఉంటే నువ్వు జపాను బొమ్మల్లో మునిగితే ఎట్లా? అదంతా సరుకుల సంస్కృతి కాదా?” అన్నది. సరుకే నమ్మా. కాదనను. బొమ్మలు, చొక్కాలు, తాళంచెవుల గొలుసులు, ప్రతిదీ అమ్ముతారు. స్కూలుపిల్లల పాత్రల్ని కూడా పొట్టిబట్టల్లో అసహ్యంగా చూపే సినిమాలు బోలెడున్నాయి. మా పాప చూసే డోరేమాన్‌లో షిజుకా చదువులో మేలు, నోబిటాకు సున్నా మార్కులు. పెద్దయ్యాక ఆ పిల్లకు దక్కే బహుమతి నోబిటాయే. ఇవన్నీ నాకు కనబడుతున్నాయి. తెలుగు సినిమాలో ఇంతకన్నా ఘోరాలున్నా మీరు పాత పాటలు వింటూ కళ్ళు మూసుకుంటారు కదా, అప్పుడు మిమ్మల్ని నేను అడగలేదే!

చూడ్డమంటే తలవంచడం కాదని చెప్పడానికి రెండు సినిమాల మాట చెప్తాను. 2013లో మియాజకి తీసిన ‘ది విండ్ రైజెస్’. విమానాల ఇంజనీరు హొరికోషి జిరో కథ. ఇంజనీర్లందరూ చూడాలని మా సార్లు కూడా చెప్తారు. చాలా అందమైన సినిమా, నాకు మాత్రం ఒళ్ళు మండింది. భార్య నవోకో క్షయతో మంచంలో ఉంటుంది. అతను ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని రెండో చేత్తో డ్రాయింగు గీస్తుంటాడు. సిగరెట్టు తాగాలి, బయటికి పోతానంటాడు, ఇక్కడే తాగమంటుంది ఆమె. ఊపిరితిత్తుల జబ్బు మనిషి పక్కన! ఇంక బతకనని తెలిశాక, తన అందమైన రూపమే అతనికి గుర్తుండాలని చెప్పకుండా వెళ్ళిపోతుంది. హొరికోషి నిజమైన మనిషి, నవోకో మాత్రం హోరి తత్సువో రచనల నుంచి తెచ్చి అతికించిన పాత్ర. అంటే ఒక ఇంజనీరు కల గొప్పదని చూపించడానికి ఒక భార్య చావు కావాల్సివచ్చింది, లేకపోతే తెచ్చి పెట్టుకున్నారు. మగ ఇంజనీరు రాత్రంతా డ్రాయింగు గీస్తే తపస్సు. నేను సైటులో రాత్రి తొమ్మిది దాకా ఉంటే ‘పిల్లను గాలికొదిలేసింది’.

రెండోది 1991లో తకహతా ఇసావో తీసిన ‘ఓన్లీ యెస్టర్‌డే’. తయెకో, ఇరవైయేడేళ్ళ మనిషి, టోక్యోలో ఆఫీసు ఉద్యోగం, పెళ్ళి కాలేదు. సెలవు పెట్టి యమగతకు వెళ్తుంది, పల్లెలో కుసుమపూలు కోయడానికి. ఇంతేనా కథ అంటారు మీరు. ఆ పూలు తెర మీద కనిపించగానే నేను బస్సులో లేచి నిలబడ్డంత పని చేశాను. కుసుమలు! మా అవ్వది కోవెలకుంట్ల దగ్గర పల్లె. నల్లరేగడి. శనగచేను చుట్టూ కుసుమ సాలు పెట్టేవాళ్ళు, ఆ ముళ్ళకు గొడ్లు లోపలికి రావని. చేతులకు గుడ్డలు చుట్టుకుని, మంచుకు ముళ్ళు మెత్తగా ఉంటాయని తెల్లారకముందే పోయేవాళ్ళు. ఆ సినిమాలోనూ తెల్లవారుజామునే కోస్తారు. వెనకటి రోజుల్లో ఆ పూలు కోసిన ఆడపిల్లల వేళ్ళు ముళ్ళకు చీరుకుని రక్తం వచ్చేదని, ఆ పూలతో తయారైన ఎరుపును పెదాలకు రాసుకునే భాగ్యం ఆ పిల్లలకు ఎన్నడూ లేదని తయెకో చెప్తుంది. మా ప్లాంటులో పలకలు కడిగే ఆడవాళ్ళ ఇళ్ళలో కరెంటు బిల్లు గురించి రోజూ వింటాను నేను. ఎక్కడ యమగత, ఎక్కడ కోవెలకుంట్ల.

ఆ సినిమాలోనే తయెకో చిన్నప్పటి సంగతి ఒకటి ఉంది. లెక్కల్లో తక్కువ మార్కులొస్తాయి. భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే రెండోదాన్ని తలకిందులు చేసి గుణించమంటుంది అక్క. మూడింట రెండొంతుల ఆపిలుపండును నాలుగోవంతుతో భాగించడం అంటే అసలేమిటని ఆ పిల్ల బొమ్మ వేసుకుని అడుగుతుంది. దానికి జవాబు లేదు. పిల్ల మొద్దు అని తేలుస్తారు. నేను ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ తలకిందులు చేసి గుణించినదాన్నే. ఎందుకని అడిగే అమ్మాయిని మా చదువులో ఎవరూ నిలవనివ్వలేదు. అదే పిల్ల బడి నాటకంలో బాగా చేసిందని, కాలేజీ నాటకంలో వేషానికి పిలుస్తారు. తండ్రి ఒక్క ముక్కలో వద్దంటాడు. అన్న చేతికిచ్చిన ఉలి గుర్తొచ్చింది నాకు.

ముగింపు నచ్చలేదు. తయెకో టోక్యో రైలెక్కి, మళ్ళీ దిగి, ఆ రైతు కుర్రాడి కోసం వెనక్కి వచ్చేస్తుంది. పెళ్ళి తప్ప ఇంకో ముగింపు తకహతాకు కూడా దొరకలేదు. అయినా ఎనిమిదిసార్లు చూశాను.

ఈ బొమ్మలు గీసిన చేతులు ఎవరివో తెలుసుకోవడం మొదలుపెట్టాక నా ఇష్టం ఇంకా ముదిరింది. ఒకుయామా రేయికో అనే ఆమె 1957లో తోయీ స్టూడియోలో చేరింది. 1958లో వచ్చిన జపాను మొదటి రంగుల యానిమేషన్ సినిమా ‘హకుజదెన్’కు పనిచేసింది. ఆ స్టూడియోలో రంగులు నింపే విభాగంలో ఎక్కువమంది ఆడవాళ్ళు, గీసే విభాగంలో పైమెట్లన్నీ మగవాళ్ళవి. పెళ్ళయి బిడ్డ పుడితే మానెయ్యాలని కంపెనీ ఒత్తిడి. ఆమె మానలేదు. యూనియన్ అండతో కొట్లాడి, బిడ్డతో ఉద్యోగం నిలబెట్టుకుంది. 2007లో చనిపోయింది. ఆమె జీవితం ఆసరాగా ఎన్.హెచ్.కె. వాళ్ళు 2019లో ‘నత్సుజోరా’ అనే సీరియల్ తీశారు. క్యోటో యానిమేషన్ స్టూడియో 1981లో ఎట్లా మొదలైందనుకున్నారు? హత్తా యోకో అనే ఆమె ఇరుగుపొరుగు గృహిణులను కూర్చోబెట్టి రంగులు వేయించడంతో. ఆ స్టూడియోకి 2019 జూలై 18న ఒకడు నిప్పుపెడితే 36 మంది చనిపోయారు, అందులో ఎందరో యువతులు. ఆ రోజు నేను వంటింట్లో ఏడుస్తుంటే మా ఆయన “మన చుట్టాలెవరైనా పోయారా?” అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు, భయపడే అడిగాడు. జవాబు చెప్తే నవ్వాడు.

‘పరాయి దేశపు మోజు’ అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. 2022 అక్టోబరు 21న ‘ఆర్‌ఆర్‌ఆర్’ జపానులో విడుదలైంది. 1998 నుంచి ‘ముత్తు’ పేర ఉన్న రికార్డు కొట్టేసింది. జపాను ఆడవాళ్ళు మన హీరోల బొమ్మలు గీశారని, పాటకు తెలుగులో గొంతు కలిపారని మన పేపర్లు, ఛానళ్ళు పొంగిపోయాయి. మా మామ ఆ వీడియో అందరికీ పంపాడు, ‘తెలుగువాడి సత్తా’ అని రాసి. టోక్యోలో ఒక ఆఫీసు ఉద్యోగిని తెలుగు సినిమా కోసం తెలుగు నేర్చుకుంటే మనకు గర్వం. నంద్యాలలో ఒక కోడలు జపాను సినిమా కోసం జపనీసు నేర్చుకుంటే పిచ్చి! 2024 జనవరిలో తకరజుకా వాళ్ళు ఆర్‌ఆర్‌ఆర్‌ని రంగస్థలం మీదికి తెచ్చారు. అది పూర్తిగా స్త్రీల నాటక బృందం, 1913లో మొదలైంది. భీముడూ, రాముడూ ఇద్దరూ ఆడవాళ్ళే. తెలుగు వీరత్వం అంతా ఆడవాళ్ళ భుజాల మీద ఆడింది! ఈ సంగతి మామకు చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. (ఆ తకరజుకాలో పెళ్ళి చేసుకుంటే బృందం వదిలెయ్యాలి. స్వర్గం ఎక్కడా లేదు.)

మా సైటు సూపర్‌వైజరు ఒకాయన “ఆ సగం మనిషి సగం మృగం బొమ్మలు మనకెట్లా నచ్చుతాయి మేడం, మన సంస్కృతి కాదు కదా” అన్నాడు. అయ్యా, మాది ఆళ్ళగడ్డ. పక్కనే అహోబిలం. మా నాన్న బతుకంతా చెక్కింది నరసింహుణ్ణే. సగం మనిషి సగం మృగం నాకు ఉయ్యాలలోనే తెలుసు.

ఇప్పుడు అబద్ధాల దగ్గరకు వస్తాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఫోనులో పాఠాలు పెట్టుకుని, బస్సులోనే, జపనీసు నేర్చుకున్నాను. డిసెంబరు మొదటి ఆదివారం జపనీసు భాషా సామర్థ్య పరీక్ష ఉంటుంది. 2023లో కింది మెట్టు, ఎన్5కి కట్టాను. సెంటరు చెన్నై. ఇంట్లో ఏం చెప్పాలి? కంపెనీ వాళ్ళు రాయమన్నారని చెప్పాను. జపాను కంపెనీతో పని పడొచ్చు, జీతం పెరగొచ్చు అన్నాను. అంతే. మా ఆయన రైలు టికెట్టు తీశాడు. అత్త దారికి పులిహోర కట్టింది. ఆ శని, ఆదివారాలు పాపను అందరూ కలిసి చూసుకున్నారు, ఏ ఇబ్బందీ రాలేదు. పాసయ్యాను. జీతం ఎప్పుడు పెరుగుతుందని నాలుగు నెలలు అడిగి ఊరుకున్నారు.

2024లో ఎన్4కి కట్టాను. ఆ అబద్ధం ఏడాదంతా గొంతులో ముల్లులా ఉండింది. ఈసారి నిజం చెప్పాను. కంపెనీకి సంబంధం లేదు, జీతం పెరగదు, నాకు ఇష్టం కాబట్టి రాస్తున్నాను, సినిమాలు అడుగున అక్షరాలు లేకుండా చూడాలని కోరిక అన్నాను. ఎవరూ అరవలేదు. మా ఆయన “ఈసారి వద్దులే, ఆ ఆదివారం పాప నీ కోసం ఏడుస్తుంది” అన్నాడు. అత్త “ఊరికే చెన్నై దాకా యాడికి?” అన్నది. నిరుడు ఏడవని పాప ఈ ఏడు ఏడుస్తుందట. ఆ ఏడాదే కంపెనీ శిక్షణకని పూణే పదిహేను రోజులు పంపారు నన్ను. అప్పుడు కూడా పాప ఏడవలేదు. పోలేదు నేను. ఫీజు పోయింది. ఆ ఆదివారం చికెన్ వండాను.

వాళ్ళు చెడ్డవాళ్ళని రాయడం లేదు. అదే పిల్ల, అదే చెన్నై, అదే ఆదివారం. జీతం అన్న మాట ఉంటే తలుపు తెరుచుకుంది, ఇష్టం అన్న మాట ఉంటే మూసుకుంది. నన్ను బయటికి పంపింది నేననుకుని ఇన్నాళ్ళూ మురిశాను. పోతున్నది నా జీతమే, దాని వెంట నేను పోతున్నాను. ఇంజనీర్లమనీ, కాళ్ళ మీద నిలబడ్డామనీ చెప్పుకునే నాలాంటి వాళ్ళం ఒక్కసారి, ఎవరికీ లాభం లేని ఒక కోరికను ఉన్నదున్నట్టు ఇంట్లో చెప్పి చూడండి. అది సంగీతం కావచ్చు, చదరంగం కావచ్చు, ఊరికే వెళ్ళి నల్లమల చూసి రావడం కావచ్చు. డబ్బు సంపాదిస్తుందని దానికి ముసుగు వెయ్యకండి. మగ్గం పని నేర్చుకుంటే నాలుగు డబ్బులు, వంట వీడియోలు పెడితే నాలుగు డబ్బులు అని మన ఇష్టాలన్నిటికీ మనమే ధర చీటీలు అతికిస్తున్నాం. నేనూ అతికించాను. కారు పడదని చెప్పిన నోరే ఇది.

మొన్న ఆదివారం రాత్రి, వెల్లుల్లి ఒలుస్తూ అత్త మళ్ళీ అడిగింది, ఆ బొమ్మల్లో ఏముందిమే అని. ఫోను ఆమె ముందు పెట్టి తయెకో కుసుమపూలు కోసే చోటు చూపించాను. కాసేపు చూసింది. “ఆ ముండ్లకు గుడ్డ సుట్టుకోకుంటే ఎట్ల?” అన్నది. మళ్ళీ వెల్లుల్లి ఒలవడంలో పడింది.

ఈ ఏడు డిసెంబరుకు ఎన్4కి మళ్ళీ కడుతున్నాను. చెన్నై టికెట్టు నేనే తీసుకుంటాను. ఎందుకంటే ఇష్టం కాబట్టి అని నిన్న రాత్రి అన్నం దగ్గరే చెప్పాను. మా ఆయన ఇంకా ఏమీ అనలేదు. మామ పెరుగన్నం కలుపుకుంటూ, “ఆ పరీక్షలో మన ఆర్‌ఆర్‌ఆర్ గురించి అడుగుతారా?” అన్నాడు. అడగరు మామా అన్నాను.